ఏరు ఇచ్చింది ఏటికే

లాల్‌దర్వాజా,
ఫాల్గుణం, శనివారం

తమ్ముడు కేశవ్‌కు,

వేణుగోపాలుడు నిన్నూ అమలనూ చల్లగా చూడాలని అక్క.

మొన్న గురువారం ఉదయం సంగతి రాస్తాను. విశేషమేమీ లేదు, రోజూ జరిగేదే. అందుకే రాస్తున్నాను.

చీకటి ఉండగానే గుడి తలుపు తీశాం. శాలిబండ వైపు నుంచి అజాన్ వినిపిస్తున్నది. నేను వాకిలి కడిగాను. పాలబ్బాయి పాకెట్లు గేటుకు తగిలించి పోయాడు. నందివర్ధనాలు కోసి సజ్జలో వేసుకున్నాను. చిన్నాయన బిందె ఎత్తబోయి కింద పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పెట్టాడు. నేను చూడనట్టే ముగ్గు వేస్తూ కూర్చున్నాను. చివరికి బిందె నేనే లోపలికి చేర్చాను. గర్భగుడి గడప దాటడానికి ఆయన మోకాలిని రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టాడు, వేరే ఎవరి కాలో అన్నట్టు. అభిషేకం అయింది. హారతికి ఉన్నది నేను, పక్కింటి సుశీలమ్మ, వీధి కుక్క. సుశీలమ్మ హారతి కళ్లకద్దుకుని, నల్లా వచ్చిందని ఉరికింది. కుక్క చివరిదాకా ఉంది.

తర్వాత చిన్నాయన గడప మీదే కూలబడ్డాడు.

"అహల్యా, ఇగ నాతోని కాదే. ఆషాఢం లోపల ఎవరికన్న అప్పజెప్త. ఇంట్ల మనిషి లేకపోతె కమిటీవాళ్లు బయటికెల్లి ఎవరినో తెస్తరు."

"కేశవ్ ఉన్నాడు కదా చిన్నాయనా. ఉద్యోగం వదిలి వస్తానని, సేవ తనకే ఇమ్మని అడిగాడు."

"వాడా? వాడు పొద్దుగాల లేస్తడా? పెండ్లినాడు ముహూర్తానికి నీళ్లు చల్లి లేపినం వాణ్ని."

లేవడానికి ఆయనకు చెయ్యి అందించాను.

తాతల నాటి నుంచి ఈ అర్చన మన ఇంట్లో ఉంది. నిజం రాయి. తెల్లవారకముందు లేస్తున్నావా? నియమమేమన్నా ఉందా? చిన్నాయన చెవికి ఫోన్ అందదు. మీ లోయకు సిగ్నల్ అందదు. ఉత్తరమే రాయి, భూతద్దం పెట్టి చదువుకుంటాడు.

దీపంలో నూనె పోయాలి. ఉంటాను.

నీ పెద్దక్క
అహల్య

తా.క.: అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు కుడివైపుకు ఒరుగుతాయి. ఆ సంగతి చిన్నాయనకూ తెలుసు.

* * *

ప్రాజెక్టు క్వార్టర్స్,
కులు జిల్లా, హిమాచల్

అక్కయ్యకు,

ఇంత ఎత్తు నుంచి నీ పాదాలు అందేదాకా వంగి కేశవ్ నమస్కారం.

నిజమే రాస్తున్నాను. అక్షరాలు చూసుకో.

ఈ కొండలకు వచ్చిన దగ్గర నుంచి తెల్లవారకముందే లేస్తున్నాను. ఎవరూ నీళ్లు చల్లడం లేదు. కొండదారిన నడిచి ఏటి దగ్గరకు పోతాను. మంచు కరిగిన నీళ్లు. అందులో నడుముదాకా దిగి నిలబడతాను. చేతిలో ఒక కర్ర, కర్రకు దారం. నోరు విప్పను. మాట వినబడితే రావలసినవాళ్లు రారు. ఆఫీసు ఉన్న రోజు కాసేపు, ఆదివారం సాయంత్రందాకా. ఏరు ఏమిచ్చినా ఒక్కసారి చేతుల్లోకి తీసుకుని ఏటికే ఇచ్చేస్తాను. ఇంటికి ఏమీ తేను. వచ్చి అమల కలిపిన పెరుగన్నం తింటాను. చలికాలం నాలుగు నెలలు మాత్రం ఏటి జోలికి పోకూడదు, నియమం.

సేవ ఊరికే అడగలేదక్కా. ఇన్నేళ్లు సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు అప్పగించుకున్నాను, అప్పగించాను. ఈ చేతులతో రోజూ ఒక్క హారతి ఇస్తే చాలనిపిస్తున్నది. నేను పనికిరానని చిన్నాయన నోట వస్తే తట్టుకోలేను.

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇక్కడితో ఆపుతాను.

నీ తమ్ముడు
కేశవ్

తా.క.: శాలిబండలో ముజీబ్ భాయ్ జర్దోజీ కార్ఖానాలో సన్నని పట్టుదారం దొరుకుతుంది. ఎరుపు కావాలి. కాస్త జరీ కూడా. గుడిలో పక్కన పెట్టేసిన నెమలీకలు ఉంటే అవీ పంపు. ఎందుకని అడక్కు. అమల నవ్వుతోంది, పట్టించుకోకు.

* * *

లాల్‌దర్వాజా,
ఉగాది వెళ్లిన మరునాడు

కేశవ్‌కు,

నీ ఉత్తరం స్వామి పాదాల దగ్గర పెట్టి తీసిన అక్క ఆశీస్సులు.

అక్షరాలన్నీ నిటారుగా ఉన్నాయి. చిన్నాయన రెండుసార్లు చదివి భూతద్దం పక్కన పెట్టాడు.

"ఏందే ఇది! మంచునీళ్లల్ల నడుముదాంక నిలవడి మౌనమా? చేతిల దండమా? ఇంటికి పూచికపుల్ల తేకుండనా? మన కేశవ్ గాడేనా?"

'ఏరు ఏమిచ్చినా ఏటికే' అన్న చోట గీత గీసుకున్నాడు. నాలుగు నెలల నియమం ఆయనకు ఇంకా నచ్చింది. "మనకు చాతుర్మాస్యం వానల్ల వస్తది. కొండల మీద చలిల వస్తదేమో," అన్నాడు.

మీ బావ మాత్రం, "కర్రకి దారం ఎందుకండీ మామయ్యగారూ?" అని అడిగారు.

"నీకు తెల్వది అల్లుడా, ఊకో," అన్నాడు చిన్నాయన.

ముజీబ్ భాయ్ దగ్గరకు వెళ్లాను. "క్యా బాజీ, భాయ్‌సాబ్ మగ్గం పని నేర్సుకుంటున్నరా?" అన్నాడు. నీళ్లలో తపస్సు చేస్తున్నాడని చెప్పాను. ఇంకో దారపుండ ఎక్కువ వేసి, "మా పిల్లలకు గూడ దువా చెయ్యమనండి," అన్నాడు.

స్వామివారి నెమలీకల వింజామర పిడి విరిగి మూలన ఉంది. ఈకలు విప్పి పసుపుగుడ్డలో చుట్టి పంపుతున్నాను. నువ్వు ఎందుకని అడగవద్దన్నావు. అడగడం లేదు.

చిన్నాయన అడగమన్నవి రెండు. నీ గురువు ఎవరు? నీళ్లలో ఏమి జపిస్తావు?

పొయ్యి మీద ప్రసాదం ఉంది. ఉంటాను.

అక్క

తా.క.: సుశీలమ్మ తన అల్లుడి ట్రాన్స్‌ఫర్ గురించి ఏటిలో ఒక మాట చెప్పమంది. నేను మాట ఇవ్వలేదు. కాగితం వెనకవైపు అల్లుడి గోత్రం తనే రాసింది.

* * *

కులు జిల్లా

అక్కయ్యకు,

చేతులు జోడించి, కొంచెం భయపడుతూ, కేశవ్.

ఈకలు అందాయి. ఆ పసుపుగుడ్డ చూసి చెమట పట్టింది. ఈ ఊళ్లో చెమట పట్టడం అంత సులువు కాదు.

తపస్సు అన్న మాట నేను రాయలేదక్కా. నా ఉత్తరం ఇంకోసారి చూడు.

గురువుగారి పేరు ఇప్పుడు చెప్పలేను. చెబితే చిన్నాయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేస్తాడు. ఆయన మోకాళ్లకు మంచిది కాదు. నీళ్లలో జపమంటూ ఏమీ లేదు. లోపల ఒకటే మాట తిరుగుతుంటుంది: 'రా తండ్రీ, ఒక్కసారి రా. ఒక్కసారి కనిపించు, వదిలేస్తాను.'

ఇంతకన్నా రాస్తే అక్షరాలు ఒరుగుతాయేమోనని ఆపుతున్నాను.

కేశవ్

తా.క.: సుశీలమ్మ అల్లుడి సంగతి ఏటికి చెప్పాను. ఏరు ఏమీ అనలేదు.

మరో తా.క.: ఈ ఉత్తరం చిన్నాయనకు చూపించకు.

* * *

లాల్‌దర్వాజా,
చైత్రం, ఏకాదశి

కేశవ్‌కు,

ఉపవాసం ఉండి రాస్తున్న అక్క దీవెనలు.

చూపించవద్దన్న ఉత్తరాన్ని చిన్నాయన పోస్ట్‌మాన్ చేతిలోంచే తీసుకున్నాడు. 'రా తండ్రీ, ఒక్కసారి రా' దగ్గర కళ్లు తుడుచుకున్నాడు.

సుశీలమ్మ అల్లుడికి కోరిన చోటికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆమె నల్లా దగ్గర చెప్పింది. నల్లా దగ్గర చెబితే ఛత్రినాకదాకా పోతుంది. నిన్న అక్కడి నుంచి ఆటో నిండా ఆడవాళ్లు దిగారు.

"అమ్మా, స్వామి ఎప్పుడొస్తడు?"

"ఏ స్వామి?"

"గదే, నీళ్ల స్వామి."

గుడిలో ఉన్న స్వామిని చూపించాను. చూసి, దండం పెట్టి, "ఈయన గాదు, కొండలకెల్లి వచ్చేటాయన," అన్నారు. బోనాలకు నీ ఫ్లెక్సీ కడతామని గల్లీ కుర్రాళ్లు ఫొటో అడిగారు. నా దగ్గర నీ పెళ్లి ఫొటో ఒక్కటే ఉంది. ఫర్వాలేదు, గడ్డం మేమే పెడతామన్నారు.

చిన్నాయన సంతోషించాలి. కానీ కొన్నాళ్లుగా సరిగా తినడం లేదు. అడిగితే "ఏం లేదే" అంటాడు. నీ ఉత్తరాలు మళ్లీ మళ్లీ తీసి చూస్తాడు, నిట్టూర్చి పెడతాడు. నాకు అర్థం కాలేదు.

మీ బావను పంపుతున్నాను. ఆయన దేన్నీ నమ్మరు. ఆయన చూసి వచ్చి చెబితే చిన్నాయన మనసు కుదుటపడుతుంది, సేవ సంగతి తేలుతుంది.

తులసికోట దగ్గర చీకటి పడింది. ఉంటాను.

అక్క

తా.క.: మీ బావకు చన్నీళ్లు పడవు. ఒడ్డున కూర్చోబెట్టు.

* * *

కులు జిల్లా

అక్కయ్యకు,

బావగారి తరఫున కూడా నమస్కారం. ఆయన రాసే స్థితిలో లేరు, నీళ్లలో ఉన్నారు.

మొదటి రోజు ఒడ్డునే కూర్చోబెట్టాను. "ఇదేమిటోయ్, ఇంతేనా?" అన్నారు. రెండో రోజు మోకాళ్లదాకా దిగారు. ఇవాళ భోజనానికి పిలిస్తే వినిపించనంత లోపలికి పోయారు. తిరుగు టికెట్ వెనక్కి జరిపించుకున్నారు. నేను జరిపించలేదు. "మీ అక్కకి నేను సర్ది చెప్పుకుంటాలేవోయ్," అంటున్నారు. నేను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆయన్ని ఒడ్డుకు తేవాలి. ఉంటాను.

కేశవ్

తా.క.: తిరిగి వచ్చాక కొన్నాళ్లు ఆయన్ని ఏమీ అడక్కు. ఫ్లెక్సీ ఆపించు. గడ్డం అసలే వద్దు.

* * *

లాల్‌దర్వాజా,
వైశాఖం, మంగళవారం

కేశవ్‌కు,

అక్క.

మీ బావ వచ్చారు. ముక్కు మీద తోలు ఊడింది. మనిషి మారిపోయారు. నాకంటే ముందే లేస్తున్నారు. ఏం చూశారని అడిగితే, "చెప్పడానికి మాటల్లేవే అహల్యా," అంటారు. లేచి మేడ ఎక్కుతారు. వెదురు కర్ర పట్టుకుని చెయ్యి వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి, ముందుకి. చిన్నాయన కింద నుంచి చూసి, "అదేం ముద్రనే?" అన్నాడు. నేనూ ముద్రే అనుకున్నాను.

నిన్న గాలి ఎక్కువగా ఉంది. పక్క మేడ మీద సుశీలమ్మ వడియాలు పెడుతున్నది. ఉన్నట్టుండి కేక.

"అహల్యక్కా! ఎవలో నా కొంగు గుంజుతున్నరు!"

నేను పైకి పోయేసరికి మీ బావ కర్ర రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "పడింది! పడింది!" అని అరుస్తున్నారు. సుశీలమ్మ అటు పోతే కర్రకున్న దారం సాగుతున్నది. ఇటు వస్తే ఈయన చుట్టుకుంటున్నారు.

"లాగకండమ్మా, తెగిపోద్ది! కాసేపు అలిసిపోవాలి!"

"నేనెందుకు అలసిపోతనయ్యా! నీకేమన్న పిచ్చి లేసిందా?"

కత్తెరతో విడిపించాను. కొంగులో చిక్కుకున్నది ఇప్పుడు నా ముందు స్టీలు మూతలో ఉంది. చిన్న కొక్కెం. దాని మీద ముజీబ్ భాయ్ ఎర్ర పట్టుదారం, సన్నగా జరీ చుట్టు, నెమలీక పోగులు. చూడటానికి ఈగలా ఉంది. పని బాగుంది. ఆ పోగులు స్వామివారి వింజామరవి. నేను చేత్తో విప్పినవి, నాకు తెలుసు.

మీ బావ అన్నం తినకుండా పడుకున్నారు. ఆయన్ని అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. ఇది ఏమిటి? రాయి. రాసింది రాసినట్టు చిన్నాయనకు చదివి వినిపిస్తాను.

అక్క

తా.క.: దశావతారాల్లో మొదటిది ఏదో నేను గుర్తు చేయాలా?

* * *

కులు జిల్లా

అక్కయ్యకు, చిన్నాయనకు,

తల ఎత్తకుండా రాస్తున్న కేశవ్.

అది గాలం. నేను చేపలు పడుతున్నాను. పట్టి వదిలేస్తున్నాను.

ఒక ఆదివారం ఎలా గడుస్తుందో రాస్తాను, తర్వాత మీరు ఏమన్నా సరే. చీకట్లో బయలుదేరతాం. నేను, షారోన్ గారు. మా డిస్పెన్సరీలో నర్సు, బొల్లారం ఆవిడ. చిన్నప్పుడు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నారట. ఆవిడే నా గురువు. ఆపిల్ తోటలు దాటాక దేవదారు అడవి. ఏటి పక్కనే ఎక్కుడు దారి. ఆవిడ చేతికర్ర వేసుకుని ముందు, నేను రొప్పుతూ వెనక. ఏటికి చేరాక ఆవిడ ఒక రాయి తిరగేస్తారు. ఆ వేళ దాని అడుగున ఏ పురుగు ఉందో చూస్తారు. అలాంటి పురుగునే దారంతో, ఈకతో కడతాం. ఎర లేదు, మాంసం లేదు. దాన్ని నీటి మీద ఈగ వాలినట్టు వాలనివ్వాలి. ఎక్కువసార్లు చెట్టుకొమ్మ మీద వాలుతుంది. పొద్దంతా చెట్టుకూ నాకూ గొడవే. మధ్యాహ్నం బండ మీద కూర్చుని పులిహోర తింటాం. కొండ నీడ ఏటి మీదికి జరుగుతుంటే చూస్తూ కూర్చుంటాం.

ఏ సాయంత్రమో ఒక్కటి వస్తుంది. ట్రౌట్ అంటారు. ఒంటి మీద ఎర్ర చుక్కలు, కుంకుమ చిలికినట్టు. కొక్కెం చివర వెనక్కి తిరిగి ఉండే ముల్లు ముందే నొక్కేసి ఉంచుతాను, ఇట్టే ఊడివస్తుంది. చేతులు తడి చేసుకుని, నీటికి ఎదురుగా దాని తల పెట్టి పట్టుకుంటాను. ఊపిరి సర్దుకున్నాక వెళ్లిపోతుంది. పోతూ తోకతో చేతిమీద ఒకటి కొడుతుంది. ఆ తర్వాత నాకు ఎవరిమీదా కోపం ఉండదు.

ఒక్క చేపా చావలేదని రాయను. వదిలాక ఏమవుతుందో నాకు తెలియదు.

మీరు తపస్సు అనుకుంటున్నారని తెలిసీ ఊరుకున్నాను. సేవ దక్కుతుందని ఊరుకున్నాను. అది అబద్ధమే. అక్షరాలు ఒరగని అబద్ధం. మిగిలిన ఈకలు అదే పసుపుగుడ్డలో తిప్పి పంపుతున్నాను. సేవ ఎవరికి ఇచ్చినా నోరెత్తను. కావాలని అడిగింది మాత్రం నిజం.

కేశవ్

తా.క.: బావను తిట్టకు. ఇక్కడ ఆయన పట్టింది ఒక్క చేప. సుశీలమ్మతో కలిపి రెండు.

* * *

లాల్‌దర్వాజా,
వైశాఖం, శుక్రవారం రాత్రి

తమ్ముడు కేశవ్‌కు,

గుడి తలుపు వేసి వచ్చి రాస్తున్న అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇవాళ అందింది. సాయంత్రం హారతి అయ్యాక మండపంలో చాప వేశాను. చిన్నాయన, మీ బావ, నేను. సుశీలమ్మను పిలవలేదు. కొంగు చిరిగింది తనదని వచ్చి కూర్చుంది.

చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. షారోన్ గారి పేరు దగ్గర చిన్నాయన లేవలేదు. "నర్సమ్మనా? మంచిగున్నది," అన్నాడంతే. మీ బావ చాప అంచు పీకుతూ కూర్చున్నారు. అంతా అయ్యాక కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. సేవ పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు చిన్నాయన నవ్వాడు. పళ్లసెట్టు తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వాడు.

"బతికిపోయినమే అహల్యా!"

"ఏమిటి చిన్నాయనా?"

"వాడు నిజంగనే తపస్సు చేస్తున్నడేమో అని నాకు నిద్ర వడితె ఒట్టు. గంత పెద్దోడు మన గుడికొస్తె జనమంత వాని కాళ్ల మీద వడ్తరు. లోపల స్వామి దిక్కు చూసేటోడెవడు? ఆటోల వచ్చినోళ్లు చూడలేదా? ఆయనకు దండం పెట్టి, 'ఈయన గాదు' అన్నరు. మనసు చివుక్కుమన్నది. సేవ నీకు ఇయ్యను బిడ్డా అని ఉత్తరం గూడ మొదలువెట్టిన."

జేబులోంచి మడిచిన కాగితం తీసి చింపేశాడు.

"గుళ్లె ఉండేటోడు స్వామి కన్న చిన్నగుండాలె. వీడు సరింగ గంతే ఉన్నడు. చీకట్ల లేస్తడు, పొద్దుగూకేదాంక నిలవడ్తడు, ఏం దొరకకపోయినా తెల్లారి మళ్ల పోతడు. ఇక్కడ గూడ గదే పని. హారతికి కుక్క తప్ప ఎవరు రాకపోయినా రోజు నిలవడాలె."

నేను ఒక్క మాట అడిగాను. "చేపకు నొప్పి కదా చిన్నాయనా? నోట్లో గుచ్చి, తర్వాత వదిలేస్తే గుచ్చనట్టు అవుతుందా?"

నవ్వు ఆగింది. ఆయన ఆలోచించాడు. పళ్లసెట్టు పెట్టుకున్నాడు. అంటే తీర్పన్నమాట.

జ్యేష్ఠం దాటకముందు నువ్వు రావాలి. సేవ నీదే. ఏడాదికోసారి కొండకు పోవడానికి సెలవు ఉంది. ఆ రోజుల్లో గుడి నేను చూసుకుంటాను. కర్ర ఉండవచ్చు. దారం ఉండవచ్చు. ఈక ఉండవచ్చు. కొక్కెం ఉండకూడదు.

"నీళ్లల్ల నిలవడి ఈక ఆడియ్యి. చేప వస్తది, చూస్తది, పోతది. దానికి దర్శనం, నీకు దర్శనం," అన్నాడు చిన్నాయన.

చాప అంచు వదిలి మీ బావ లేచి నిలబడ్డారు. "కొక్కెం లేకపోతే పడిందని ఎలా తెలుస్తుందండీ మామయ్యగారూ?"

"పడొద్దనే గదయ్యా!"

మీ బావ ఎలాగూ చీకటితోనే లేస్తున్నారు కనుక రేపటి నుంచి బిందె ఆయన మోయాలి. దానికి మాత్రం ఆయన అభ్యంతరం చెప్పలేదు. మేడ మీద కర్ర ఊపడం సుశీలమ్మ ఊళ్లో లేనప్పుడే. నీళ్ల స్వామి లేడని చిన్నాయన స్వయంగా రేపు హారతి దగ్గర అందరికీ చెబుతాడు. సుశీలమ్మ ఒప్పుకోలేదు. "ఎవలన్న ఉండనీ, లేకపోనీ. మా అల్లునికి ట్రాన్స్‌ఫర్ అయింది గద," అన్నది. ఆమెను ఎవరూ కాదనలేదు.

చిన్నాయన ఇవాళ కడుపునిండా తిన్నాడు.

అక్క

తా.క.: మూతలో పెట్టిన ఈగను సుశీలమ్మ అడిగి తీసుకుంది. పమిటకు పిన్నులా పెట్టుకుంటే బాగుందట. కూతురు స్రవ్యకూ ఆడబిడ్డలకూ మరికొన్ని కట్టి పంపమంది. స్వామివారి ఈక కనుక ప్రసాదమేనని చిన్నాయన సరేనన్నాడు. పసుపుగుడ్డ మళ్లీ పంపుతున్నాను. వాటికి మాత్రం కొక్కెం ఉండాలి.